క్లోరిన్ తగ్గించిన టీ

ట్యాంకు మీద కూర్చుని ఊరి దాహాన్ని తీర్చే బావగారికి, మీ గొట్టం ఆఖరి కొళాయి దగ్గర టీ అమ్ముకునే బావమరిది దండాలు.

మీరు నీళ్లలో వేసే క్లోరిన్ నా టీలో గుప్పుమంటోంది. నిన్న మంగలాయన ఒక్క గుక్క తాగి, "ఇది టీయా, ఆసుపత్రి గచ్చు కడిగిన నీళ్లా?" అన్నాడు. ఇలాగైతే కొట్టుకి తాళమే. అక్క మొహం చూసైనా తగ్గించండి.

మీ బావమరిది

తా.క.: అక్క మొహం చూడలేకపోతే పక్కకి తిరిగైనా తగ్గించండి.

*

ముక్కు తప్ప ఇంకేమీ పనిచెయ్యని బావమరిదికి ఆశీస్సులు.

సరే, రేపటి నుంచి చారెడు తగ్గిస్తాను. ఎవరికీ చెప్పకు. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, మీ అక్క పెట్టె సర్దుకుని నీ కొట్టుకే వస్తుంది.

మీ బావ

తా.క.: ఆ పొడి వేసేది క్రిములు చావడానికి. మంగలాయన బతికే ఉన్నాడంటే కొలత సరిగ్గానే ఉందన్నమాట.

*

దేవుడిలాంటి బావగారికి,

వాసన మాయం! మంగలాయన రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. మీరు చెప్పొద్దన్నారుగా, నేను నోరు విప్పితే ఒట్టు. బోర్డు రాయించానంతే: "ఊళ్లో క్లోరిన్ తగ్గించిన టీ ఇదొక్కటే. మా బావగారి దయ."

మీ రుణపడ్డ బావమరిది

తా.క.: మీ బొమ్మ కూడా వేయించాను. మీసాలు కుదరక పిల్లిలా వచ్చింది. అయినా అందరూ గుర్తుపట్టారు.

*

ఒరే కొంపముంచినవాడా!

మా పై ఆఫీసరు మొన్న ఆ పిల్లి కిందే నిలబడి టీ తాగాడట. నాకు నోటీసు వచ్చింది. శుక్రవారం నీ కొళాయి నీళ్లు పరీక్షిస్తారు. చుక్కలమందు వేస్తే నీళ్లు లేత పసుపురంగుకి తిరగాలి. తిరక్కపోతే నా ఉద్యోగం గోవిందా. ఆ బోర్డు పీకెయ్. అంతకు మించి ఏమీ చెయ్యకు. నీకు దండం పెడతాను, ఏమీ చెయ్యకు.

మీ బావ

తా.క.: మీ అక్క పెట్టె అటక మీంచి దించింది.

*

ఉద్యోగం నిలిచిన బావగారికి,

మీరు వద్దన్నా మనసొప్పలేదు. రంగు రాకపోతే ఎలాగని, ముందే ఒక బకెట్ నీళ్లు పట్టి అందులో రెండు గరిటెల డికాక్షన్ కలిపి ఉంచాను. లేత పసుపు, చూడముచ్చటగా కుదిరింది. ఆఫీసరు బకెట్లోకి చూసి, "నేనింకా మందు వెయ్యలేదు కదయ్యా!" అన్నాడు.

తర్వాత ఆయనే కొళాయి తిప్పి, గాజుగొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేశాడు. రంగు సరిగ్గా తిరిగింది. "మీ బావ ఏనాడూ చిటికెడు కూడా తగ్గించలేదు, రోజువారీ కొలత రాసిన పుస్తకం చూశాను" అన్నాడు.

ఎంత మోసం బావగారూ! మీ మాట నమ్మి పదిరోజులుగా నేనూ మంగలాయనా లేని కమ్మదనాన్ని లొట్టలేసుకుంటూ తాగాం.

మీ మోసపోయిన బావమరిది

తా.క.: పోతూ పోతూ ఆఫీసరు ఆ బకెట్లోది ఒక గుక్క రుచి చూసి, "మొన్న నువ్విచ్చిన టీ కన్నా ఇదే చిక్కగా ఉంది" అన్నాడు. రేపటి నుంచి ఇదే అమ్ముదామనుకుంటున్నాను.