గట్టిపడిన అంచు

మస్తానన్నయ్యకు, నీ చెల్లెలు సైదా సలాములు.

పేటలో నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. జర్మనీలో నేనూ బాగానే ఉన్నాను. చలి గట్టిగానే ఉంది. వదిన కట్టిచ్చిన గోంగూర పచ్చడి ఉన్నంతవరకు తిండికి లోటు లేదు. ఆదివారాలు పలకరించేవాళ్లుండరు, అప్పుడు మీరంతా గుర్తొస్తారు. బెంగపడకండి, బాగానే ఉన్నాను.

ఫోన్లో నీ కాలి పుండు మాటెత్తితే చాలు, "ముక్త్యాలలో లారీ లోడింగ్ అవుతోందమ్మా, సిగ్నల్ లేదు" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని పెట్టెయ్యలేవుగా.

ఇక్కడ నా పనేమిటని అమ్మ అడిగిందట. మానని షుగరు పుళ్ల అంచు నుంచి డాక్టర్లు చిన్న చర్మం ముక్క తీసి మా ల్యాబుకు పంపుతారు. అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి ఊరకున్నాయో చూస్తాను. దెబ్బ తగిలినప్పుడు కొన్ని జన్యువులు మేల్కొని, అంచున ఉన్న కణాలను గాయం మీదికి నడిపించాలి. మానని పుండులో కణాలను పెంచే జన్యువులు ఆగకుండా పనిచేస్తాయి, నడిపించేవి సరిగా పనిచేయవు. కీసర దగ్గర హైవే మీద లారీలు ఆగిపోవడం నీకు తెలుసుగా, వెనక నుంచి వస్తూనే ఉంటాయి, ముందుకు ఒక్కటీ కదలదు. అలా కణాలు పోగుపడి అంచు గట్టిపడుతుంది.

మొన్న అలాంటి ముక్కను చూస్తుంటే నీ కాలే గుర్తొచ్చింది. వచ్చేముందు నీ కట్టు మార్చింది నేనే. "అంచు గట్టిపడిందన్నయ్యా, మానుతోంది. ఎవర్నీ ముట్టనివ్వకు" అన్నదీ నేనే. అప్పటికి నందిగామ ల్యాబులో రక్తపరీక్షలు చేసుకునేదాన్ని, పుళ్ల గురించి నాకేం తెలుసు? ఆ మాట పట్టుకుని, అక్కడి డాక్టరు అంచు తీసేస్తానంటే, "మా చెల్లెలు ల్యాబులో చేస్తుందండి, దానికి తెలుసు" అని లేచొచ్చావట. వదిన చెప్పింది. తప్పు నాది, అన్నయ్యా. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఈ వారమే నందిగామ వెళ్లు. కాలికి రక్తం సరిగా ఆడుతోందో లేదో ఆయన చూస్తారు. చూసి తీస్తానంటే తీయించుకో. పుండు పెద్దదైనట్టు కనిపిస్తుంది, భయపడకు. బాగున్న చర్మం అప్పుడే కదులుతుంది. షుగరు మాత్రలు మానకు. ఆ కాలు నేలకు ఆనించవద్దన్నన్నాళ్లు లారీ ఎక్కకు. పచ్చడి పంపకపోయినా ఫర్వాలేదు, వారం వారం కాలి ఫోటో పంపు, సాక్సు లేకుండా.

అమ్మకు, వదినకు సలాం చెప్పు. పిల్లలకు ముద్దులు. నా కోసం దువా చేయండి. నేనొచ్చిన రోజు బస్టాండుకు ఎప్పటిలా నువ్వే రావాలి, నా పెట్టె భుజానేసుకుని ముందు నడవాలి. నా మాట ఒకసారి విని చెడ్డావు. ఇంకొక్కసారి విను.

నీ చెల్లెలు,
సైదా