ఇద్దరు కొండసాములు, పట్టికలో ఒక్కడే

తాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేరు పెట్టుకున్న మనవళ్లిద్దరి గురించి చెప్పాలి.

మామగారి పేరు నోట పలకకూడదని అమ్మ, పెద్దమ్మ మా అన్నను చిన్నోడు, పెద్దమ్మ కొడుకును పెద్దోడు అనే పిలిచారు. అన్నలిద్దరూ, నేనూ పనిచేసే తాయిల్పట్టి టపాసుల కంపెనీ కంప్యూటరులో అలా కుదరదు కదా. కార్మికుల పట్టికకు తండ్రి పేరులోని ఇంగ్లీషు మొదటి అక్షరం, మనిషి పేరు కలిపి ప్రైమరీ కీగా, అంటే రెండోసారి రాకూడని గుర్తుగా పెట్టాను. పెదనాన్న రామసామి, మా నాన్న రంగసామి. కొడుకులిద్దరూ ఆర్. కొండసామే. చిన్నన్నను ఎక్కించాక పెద్దన్నను ఎక్కించబోతే, ఈ పేరు ముందే ఉందని కంప్యూటరు ఒప్పుకోలేదు. పెద్దన్నను ముందే ఎక్కించేశాను కాబోలు అనుకున్నాను. పేరును బట్టి షెడ్డును మనిషికి ముడిపెట్టే ఫారిన్ కీ ఇద్దరి షెడ్లనూ చిన్నన్నకే కలిపేసింది.

మొన్న ఏడో షెడ్డు పేలింది. లోపల ఎవరని మేనేజరు అడిగితే, తెర చూసి చిన్నన్న అని నేనే చెప్పాను. గేటు దగ్గర అమ్మ కూలబడింది. పెద్దమ్మ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, "ఏడవాకే, చిన్నోనికి ఏమీ కాదు" అంటూ కూచుంది.

కాసేపటికి పన్నెండో షెడ్డు వైపు నుంచి చిన్నన్న నడిచి వచ్చాడు. అందరికంటే ముందు పెద్దమ్మే చూసింది.

"సూడే, నీ కొడుకు వచ్చినాడు!" అని అమ్మను లేపింది. ఆ నవ్వుతోనే నా వైపు తిరిగింది.

"మరి ఆ షెడ్డులో ఎవురే?"

ఇవాళ పట్టికలో అందరికీ పేర్లకు బదులు నంబర్లు ఇచ్చాను, తాతా. ఒకటో నంబరు పెద్దన్నది. విరుదునగర్ ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.