సత్తెమ్మ గారి ఎడమ కాలు

సరూర్‌నగర్,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు,

నీ కూతురు పద్మ నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వు, నాన్న, తమ్ముడు కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాన్నకి దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? ఫోను చేస్తే "వచ్చెయ్యవే" తప్ప నువ్వు ఇంకో మాట అనవు, నన్ను అననివ్వవు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు మధ్యలో అడ్డుపడలేవు కదా!

ముందుగా ఒట్టేసి చెబుతున్నాను, నేను క్షేమంగా ఉన్నాను. టీవీ వాళ్ళు కాలిన టైరు ఒక్కటే పదిసార్లు చూపిస్తారు. తెలంగాణ బంద్ రోజు దుకాణాలు మూస్తారు, బస్సులుండవు, మేం ఇంట్లో ఉంటాం. వానలు మొదలయ్యాయి. కొత్తపేటలో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్కుకి గొడుగేసుకుని నడిచే వెళుతున్నాను. తిండికి లోటు లేదు. మా ఇంటి ఓనరు సత్తెమ్మ గారు వారానికి రెండుసార్లు జొన్నరొట్టె పైకి పంపిస్తారు. నీ గోంగూర పచ్చడితో తింటే ఎంత బావుంటుందనుకున్నావు! సీసా అడుగంటింది. ఎవరైనా ఇటు వస్తుంటే పెద్ద సీసా పంపు, సగం ఆవిడకే ఇవ్వాలి.

అసలు ఈ ఉత్తరం ఆవిడ కోసమే. వేసవిలో సత్తెమ్మ గారు మెట్ల మీద జారి ఎడమ చీలమండ మెలిపెట్టుకున్నారని చెప్పాను కదా. ఆరు వారాలు కట్టులో ఉంచారు. కట్టు విప్పాక వాపు లేదు, నొప్పి లేదు, డాక్టరు గారు అంతా బాగుందన్నారు. కానీ ఆవిడ నడక చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒక చెయ్యి గోడ మీద, చూపు పాదం మీద. కళ్ళు పక్కకి తిప్పితే చాలు, తూలేవారు. "కాలు ఉన్నదో లేదో సమజైతలేదు బిడ్డా" అనేవారు.

నువ్వు జడ వేసుకునేటప్పుడు చేతులు వీపు వెనక ఉంటాయి. ఏ పాయ ఎటు పోతోందో కళ్ళతో చూస్తావా? చెయ్యి ఎక్కడుందో, ఎంత వంగిందో కీళ్ళూ కండరాలూ మెదడుకి కబురు పంపుతూనే ఉంటాయి. చీలమండ మెలిపడ్డాక ఆవిడ కాలి నుంచి ఆ కబురు సరిగ్గా అందడం లేదు. వాపూ నొప్పీ తగ్గినంత మాత్రాన అది రాదు, మళ్ళీ నేర్పాలి. ఇంట్లో వాళ్ళేమో ప్రేమకొద్దీ పొద్దస్తమానం "అమ్మా, కింద చూసి నడువు" అంటారు. ఆ చూపే కాలిని సోమరిని చేసింది.

మామూలుగా అయితే నిదానంగా నేర్పేదాన్ని. కానీ ఆవిడకి మొక్కు ఉంది. నిరుడు కొడుకు యాదగిరి కామెర్లతో దవాఖానలో ఉన్నప్పుడు, వాడు లేచి తిరిగితే నా నెత్తి మీద బోనం ఎత్తుకొని వస్తానని మైసమ్మకు మొక్కారు. నెత్తి మీద అన్నం కుండ, దాని మీద వెలిగే దీపం. ఇక కింద చూడడం ఎలాగ? "కోడలు ఎత్తుకుంటుందిలే" అంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు. "మొక్కింది నేను. అది మోస్తే నా మొక్కు ఎట్ల తీరుతది?"

సరే, మొదలుపెట్టాం. మొదటి రోజే నేను తప్పు చేశాను, తిట్టకు. అరికాలికి స్పర్శ తెలియడానికి క్లినిక్కులో ఒక పళ్ళెంలో ఏవో గింజలుంటాయి. నేను ఇంట్లో ఉన్నవి కదా అని బియ్యం పోసి, "కాలు పెట్టండి" అన్నాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. గోడ కూడా పట్టుకోలేదు!

"అన్నం తొక్కమంటవా? మీ దిక్కు గిట్లనే చేస్తరా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నువ్వు పక్కనుంటే చెంప పగలగొట్టేదానివి. ఆవిడే లోపలికి వెళ్ళి డబ్బాడు చింతగింజలు తెచ్చి పళ్ళెంలో పోశారు. రోజూ పొద్దున్నే వాటి మీద తొక్కుళ్ళు. తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం, తర్వాత మడతపెట్టిన బొంత మీద, చివరికి కళ్ళు మూసుకుని. "గీ వయసుల కొంగ లెక్క నిలబెట్టినవ్" అని నన్ను తిట్టని రోజు లేదు. మానిన రోజూ లేదు.

ఇక బంద్ సంగతి. నువ్వు భయపడి మూడుసార్లు ఫోను చేసిన ఆ రోజు నేనెక్కడున్నానో తెలుసా? నడిరోడ్డు మీద! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు పోయే ఆ రోడ్డు మామూలు రోజున దాటాలంటేనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. ఆ రోజు ఒక్క బండి లేదు. యాదగిరి, అతని స్నేహితులు నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. సత్తెమ్మ గారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. "మా అమ్మ నడక నేర్సుకుంటది, జర తొవ్వ ఇడువుండ్రి" అని యాదగిరి అరిచాడు. అందరూ పక్కకి జరిగారు. నెత్తి మీద సగం నీళ్ళున్న బిందె, కళ్ళు మూసుకుని, నా వేలు ఒక్కటి పట్టుకుని నడిచారు. పది అడుగులయ్యాక నా వేలు వదిలేశారు. నేను పక్కనే నడిచాను. చప్పట్లు కొట్టారమ్మా! తర్వాత అందరితో పాటు కూర్చుని కిచిడీ తిన్నాను. నేనెక్కడి దాన్నో నా "అండీ" చెబుతూనే ఉంది, అయినా రెండోసారి వడ్డించారు. మొదట్లో కూరగాయల బండి దగ్గర నోరెత్తడానికే జంకి, తలొంచుకుని వేలితో చూపించే దాన్ని, గుర్తుందా?

ఇవాళే బోనాలు. ఇప్పుడే గుడి నుంచి వచ్చాను, ఆవిడ పూసిన పసుపు నా కాళ్ళకింకా ఉంది. కుండకి వేపమండలు కట్టి, దీపం పెట్టి, కోడలు సాయం పట్టి ఎత్తింది. డప్పుల వెనక సత్తెమ్మ గారు నడుస్తున్నారు, మెడ నిటారుగా ఉంది. నాకు ఎంత గర్వమో! గుడి సందులోకి తిరిగాక ఒకచోట వాన నీళ్ళు నిలిచాయి. వాటి కింద కాలువ మీది బండ ఒక పక్కకి ఒరిగి ఉంది. ముందు నడిచినావిడ కాలు అక్కడే తడబడడం నేను చూశాను. ఇన్ని వారాలు పాఠం చెప్పినదాన్ని, గొంతు చించుకుని ఏమని అరిచానో తెలుసా?

"సత్తెమ్మ గారూ, కింద చూడండీ!"

ఆవిడ చూడలేదు. ఎడమ కాలు బండ మీద పడింది, పక్కకి ఒరిగింది, ఒక్క క్షణం ఆగి తనంతట తానే సర్దుకుంది. దీపం ఊగింది గానీ ఆరలేదు.

గుడి ముందు బోనం దించాక నా చెవి పట్టుకున్నారు. "కింద చూడకుమని నేర్పింది నువ్వే, చూడుమని ఒర్లింది నువ్వే. చూస్తే బోనం పడకపోవునా? నా కాలుకు ఎరుకే బిడ్డా!" అని నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. యాదగిరి మా ఇద్దరినీ చూసి ఒకటే నవ్వు.

అమ్మా, నువ్వూ అక్కడి నుంచి నాలాగే అరుస్తున్నావు. ప్రేమకొద్దీనే, నాకు తెలుసు. దసరాకి తప్పకుండా వస్తాను, నాలుగు రోజులుండి మళ్ళీ ఇక్కడికే వస్తాను. నాన్నకి, పెద్దమ్మకి నా నమస్కారాలు. తమ్ముణ్ణి చదువుకోమను. నీ మోకాలి నొప్పి తగ్గితే నువ్వూ రోజూ గోడ పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద నిలబడు, ఎవరూ చూడరులే. నన్ను మాత్రం దీవించి వదిలెయ్యమ్మా. నా కాలికి తెలుసు.

నీ కూతురు,
పద్మ