కోడళ్ల పళ్లకు చారలు లేవు

పటాన్‌చెరు, ఫిబ్రవరి 1956

అక్కకు, బావకు నమస్కారాలు. నాకు జ్వరమని ఎవరో చెప్పారట, అబద్ధం. కులాసాగానే ఉన్నాను.

పై చదువు పరిశోధన కోసం ఊళ్లు తిరిగి, ఏ నీళ్లకు ఏ రోగమో చూస్తున్నాను. మొన్న ఒక ఊళ్లో కొమురయ్య అనే రైతు పళ్ల మీద గోధుమ చారలు చూసి, పొగాకు నములుతావా అని అడిగాను. ఆయన భార్య అరుణమ్మ నవ్వింది.

"పొగాకు నేనే ఎక్కువ నములుత సారూ. పెండ్లయిన సంది గీ బాయి నీళ్లే తాగుతున్న. నా పండ్లు సూడుండ్రి!"

పాలలా తెల్లగా ఉన్నాయి.

"దాని పండ్ల కన్నా నోరే గట్టిది సారూ" అన్నాడు కొమురయ్య.

ఆమె పుట్టిల్లు ముత్తంగి. కొమురయ్య ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చూశాను. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లందరికీ చారలున్నాయి, బయటినుంచి వచ్చిన కోడళ్లలో ఒక్కరికీ లేవు. చిగుళ్లలో పళ్లు తయారయ్యే పసితనంలో తాగిన నీళ్లే ఆ మచ్చ వేస్తాయి. అది ఇక పోదు. ఇన్ని తరాల పెళ్లిళ్లు ఆ సంగతిని అందరి కళ్లముందూ పెట్టి ఉంచాయి.

అక్కా, మీ పెరట్లో కొత్తగా తవ్వించిన లోతు బావి నీళ్లు ఎలాంటివో ఇంకా తెలియదు, పాపకు పట్టకు. బావ పళ్లకు మచ్చ లేదు కాబట్టి, ఆయన తాగి పెరిగిన పాత బావి నీళ్లే కాచి పట్టు. కొత్త నీళ్లు ఒక సీసాలో పంపు, పరీక్ష చేయిస్తాను. అంత ఖర్చుపెట్టి తవ్వించాక ఇదేందని బావ తిట్టినా సరే.

బర్రె ఈనిందా? అత్తమ్మ దగ్గు తగ్గిందా?

పాపకు రెండు పళ్లు వచ్చాయని రాశావు. మిగిలినవి ఇప్పుడే లోపల తయారవుతున్నాయి. ఆలస్యం చేయకు. పాపకు నా దీవెనలు.

తమ్ముడు మాణిక్యం