తర్వాత ఏటైనాది?

నవంబరు 23, ఆదివారం

ఎంపిక రోజు. పొద్దున్నే చింతపిక్కలు కడిగి డాబా మీద ఆరబెట్టాను. మా ఫిల్మ్ క్లబ్బులో ఓటంటే చింతపిక్కే. సినిమాకో స్టీలు గ్లాసు, నచ్చిన గ్లాసులో పిక్క వేయడం. నిరుడు పైడిరాజు ఇంటి నుంచి జేబు నిండా పిక్కలు తెచ్చి వేశాడు. అందుకే ఈసారి అన్నిటికీ పసుపు రాశాను. వచ్చే ఏడాది సినిమాల జాబితా తొలిసారి నా చేతికొచ్చింది. దొంగ ఓట్లతో మొదలుపెట్టనా?

సాయంత్రం —

ఏం రాయాలో తెలియడం లేదు. చేతికి ఇంకా పసుపు ఉంది.

మావయ్య మాట్లాడారు.

అత్తయ్య పోయాక నౌపడ ఇంటికి తాళం వేసి విజయనగరం మా దగ్గరకొచ్చినప్పటి నుంచీ ఆయన మాటలంటే "ఊఁ", "సాలు", "అక్కర్నేదు". అంతే. ఈరోజు బతిమాలి, చివరికి కసిరి స్కూటరెక్కించాను. కోట దగ్గర గోడౌను మేడ మీది మా క్లబ్బు హాల్లో, వెనక వరసలో కూర్చోబెట్టాను. నిద్రపోతారనుకున్నాను.

మా నియమం ఏమిటంటే, సినిమా కావాలన్నవాళ్ళు లేచి కథ చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. పట్నాయక్ గారు (మా ప్రెసిడెంటు, ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరయ్యారు) ఎప్పట్లాగే పై దేశం సినిమా చెప్పారు. ఒకాయన మంచులో గొర్రెను వెతుకుతాడట. పైడిరాజు ఫైటింగులున్నది చెప్పాడు. అందరూ అయ్యాక వెనక కుర్చీ జరిగిన చప్పుడు.

"నానొకటి సెప్తాను."

పాత నలుపు-తెలుపు సినిమా. పెళ్ళయిన కొత్తలోనే రంగం వెళ్ళిపోతాడు మొగుడు. రంగం అంటే రంగూన్, మన వైపు వాళ్ళంతా ఓడెక్కి కూలికి వెళ్ళిన చోటు. పెళ్ళాం ఇక్కడ. ఓడ వచ్చినప్పుడల్లా అన్నం వండి రేవుకి వెళ్తుంది. మావయ్య చెబుతుంటే రేవు కనపడింది నాకు. ఆ తల్లి కొంగు తడి కూడా. మధ్యలో ఫ్యాను చప్పుడని ఎవరో లేచి ఫ్యానే ఆపేశారు.

ముగింపు కూడా చెప్పేశారు. ఎవరూ ఆపలేదు.

"అందరూ దిగిపోనారు. ఆకర్న ఒక ముసిలోడు. ఈ అమ్మి ఏడవనేదు, ఎల్లి కాళ్ళు సుట్టుకోనేదు. నడుం మీద సెయ్యేసి — ఇంతసేపేటి? కూడు సల్లారిపోనాది! — అనీసినాది."

ఆ మాట అత్తయ్యది. మావయ్య ఉప్పుమళ్ళ నుంచి ఎన్ని గంటలకు వచ్చినా గుమ్మంలో అదే మాట. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ విన్నాను. తిట్టు అనుకున్నాను ఇన్నాళ్ళూ!

పట్నాయక్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మావయ్య గ్లాసు నిండి పిక్కలు కింద పడ్డాయి.

నవంబరు 24

పొద్దున్న కాఫీ ఇస్తే — "పంచదార తక్కువైనాది." ఏడాదిలో తొలి ఫిర్యాదు. మా ఆయనకు కొత్తవలస ఫోన్ చేసి చెప్పాను. డ్యూటీలో ఉండి కూడా పకపకా నవ్వారు. "నాన్న గొణిగితే బాగున్నట్టే."

నవంబరు 29

పైడిరాజు ప్రొజెక్టరు మనిషి, సెల్ ఫోన్ల షాపు వాడు. ఏ సినిమా ఎక్కడ దాక్కున్నా బయటికి లాగుతాడు. మావయ్య సినిమా దొరకలేదట ఇంకా. పేరు కూడా ఆయనకు సగమే గుర్తు.

మావయ్య రోజూ అడుగుతున్నారు. "దొరికినాదేటి?"

డిసెంబరు 5

దొరికింది!! పైడిరాజు మెసేజ్. బొమ్మ మసగ్గా ఉందట, పాటల దగ్గర గరగర. ఉండనీ. రేపు మధ్యాహ్నం చూస్తాను. జాబితాలో పెట్టే ప్రతి సినిమా ముందు నేను చూడాలి, అది నా పని.

డిసెంబరు 6, శనివారం

చూశాను.

ఓడ వస్తుంది. కూత వేస్తుంది. అందరూ దిగుతారు. మొగుడు దిగడు. ఆమె కాసేపు నిలబడి, అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వెనక్కి నడుస్తుంది. శుభం.

శుభమా? వాళ్ళ మొహం!

రెండోసారి వేశాను. దిగడు. మూడోసారి కూడా దిగలేదు దరిద్రుడు.

మావయ్య పక్క గదిలోనే ఉన్నారు. ఇయర్ ఫోన్లు పెట్టుకుని దొంగలా చూశాను. ఆయన మర్చిపోయారా? అత్తయ్య మాటతో కలిపేసుకున్నారా? ఇప్పుడిప్పుడే కాఫీలో పంచదార గురించి గొణుగుతున్న మనిషి. ఇది చూసి మళ్ళీ "ఊఁ", "సాలు"లోకి వెళ్ళిపోతే? భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది.

డిసెంబరు 8

పైడిరాజుకు చెప్పాను, కడుపులో దాచుకోలేక. వాడు క్షణం ఆలోచించలేదు. "అదేటి మేడం, ఓడ కూత కాడ ఆపీద్దాం. కరెంటు పోనాదని సెప్పీద్దాం. మన హాల్లో ఎవులు నమ్మరు?"

చీ అన్నాను. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచిస్తూ వచ్చాను.

డిసెంబరు 10

పట్నాయక్ గారికీ చెప్పాను. ఆయన సలహా ఇంకోటి. "జనం ఓటేసింది మీ మావగారు చెప్పిన కథకమ్మా, ఆ సినిమాకు కాదు. తీసేసి ఇంకోటి పెట్టండి." అంటే గొర్రె సినిమా. తెలుసు నాకు. పోట్లాడాను. పిక్కలు పడ్డాయి, తీయడానికి వీల్లేదు అన్నాను. నిజానికి ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అందుకే గట్టిగా అరిచాను.

డిసెంబరు 13

ఉపాయం తట్టింది. మావయ్య సినిమాను జాబితాలో అన్నిటికంటే కింద పెట్టాను. వచ్చే డిసెంబరు. అప్పటికి చూసుకుందాం. పైన ఎండల నెలలకు తేలికవి, వానలకు పొడుగువి, పరీక్షల నెలకు పొట్టిది. గొర్రె జనవరికి. పండక్కి ఊళ్ళు పోయేవాళ్ళు పోతారు, ఎవరికీ నష్టం లేదు. చాలా తెలివిగా చేశాననుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర కాగితం చదివి వినిపించాను. మావయ్య ముద్ద ఆపారు.

"డిసెంబరేటి? అప్పటిదాకా నానుంటానని రాసిచ్చినావా ఎవులికైనా?"

ఈయనకు పొలమారింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలివి అటకెక్కింది.

డిసెంబరు 14, ఆదివారం

అడిగేశాను. ఎన్నాళ్ళు ఇలా? డాబా మీద ఎండలో కూర్చుని వేరుశెనగలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చున్నాను. ఆ సినిమా ముగింపు మీకు సరిగ్గా గుర్తుందా మావయ్యా అన్నాను, ఏదో మాటవరసకు అన్నట్టు.

ఒలవడం ఆపలేదు.

"ఆకరు సూడనేదే అమ్మా."

ఇక్కడే, విజయనగరంలోనే చూశారట, కుర్రతనంలో. ఏదో పని మీద వచ్చి సినిమాకు దూరారు. నౌపడకు ఆఖరి పాసింజరు. "ఓడ కూత ఏసినాది. అల్లదిగో, అప్పుడు లేసినాను. బండి పోతాదని. పరుగే పరుగు." ఇంటికి వెళ్ళి కొత్త పెళ్ళాం దగ్గర కూర్చుని కథంతా చెప్పారు. ఓడ కూత దాకా వచ్చింది. ఆవిడ — "తర్వాత ఏటైనాది?"

"నానేటి సెప్తాను? బండికి టైమైపోనాదని సెప్తే కొడతాది. నోటికొచ్చింది కట్టీసినాను."

అత్తయ్యకు అదెంత నచ్చిందంటే ఉప్పు పోగుల దగ్గర కూలి అమ్మలందరికీ ఆవిడే చెప్పేదట. ఆ మాట ఇంట్లోకి తెచ్చుకుంది. ప్రతి ఏడూ ఒకసారైనా మళ్ళీ చెప్పించుకునేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ సినిమా వెతకాలని మావయ్యకు అనిపించలేదు. అక్కర్లేకపోయింది.

"ఇప్పుడు సూడాలనున్నాది. ఆడు దిగినాడో నేదో. దిగకపోయినా పర్నేదు. తెలవాల."

తర్వాత నా వైపు చూసి — "నువ్వు సూసీసినావా?"

"లేదు మావయ్యా. ఓడ కూత దగ్గర కరెంటు పోయింది."

పైడిరాజు అబద్ధం నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో. మావయ్య ఒలిచిన వేరుశెనగ పలుకు ఒకటి నా చేతిలో పెట్టారు.

ఎన్ని రోజులు కుమిలిపోయాను! ఆయన్ని గాజుసామానులా చూశాను. ఆయనేమో ఉప్పుమళ్ళలో ఎండకు మాడి గట్టిపడ్డ మనిషి. నాకు సిగ్గేసింది. సిగ్గు కన్నా సంతోషమే ఎక్కువ.

డిసెంబరు 15

జాబితా మార్చాను. మావయ్య సినిమా ఫిబ్రవరి. గొర్రెను జనవరిలోనే ఉంచాను. పట్నాయక్ గారు మెచ్చుకున్నారు, ఎందుకో.

డిసెంబరు 27

జాబితా అచ్చయి వచ్చింది. ఆకుపచ్చ కాగితం. ప్రతి సినిమా కింద చెప్పినవాళ్ళ పేరు. మావయ్య తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం చూస్తే ఇంకోటి ఫ్రిజ్ మీద అతికించి ఉంది. అన్నం మెతుకులతో!

జనవరి 11

గొర్రె సినిమా. సగం కుర్చీలు ఖాళీ. గొర్రె దొరకలేదు.

మావయ్య మాత్రం కదలకుండా చూశారు. దారిలో — "ఆ గొర్రి ఎక్కడికెల్లిపోనాదో నాకు తెలుసు." వెనక కూర్చుని ఇల్లు చేరేదాకా చెప్పారు. ఎర్ర సిగ్నలు పడితే బాగుండునని మెల్లగా నడిపాను. సినిమా కంటే ఆయన గొర్రే బాగుంది.

జనవరి 30

కూరగాయల బజారులో వెనక నుంచి ఎవరో. "మేడం, ఆ రంగం సినిమా ఎప్పుడు?" క్లబ్బు మనిషి కాదు. క్లబ్బు వాళ్ళెవరో ఇంటికెళ్ళి చెప్పారట, వాళ్ళు పక్కింటికి చెప్పారట. వాళ్ళ తాత రంగం వెళ్ళి రాలేదట. రండి అన్నాను. ముగింపు గురించి నోరెత్తలేదు.

ఫిబ్రవరి 5

ఒక ఆలోచన బుర్ర తొలుస్తోంది. ఆదివారం హాల్లో అందరం చూస్తాం. చూసేసిన వాళ్ళకు చెప్పేదేముంది? "తర్వాత ఏటైనాది" అని అడగడానికి ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి కదా.

ఫిబ్రవరి 8, ఆదివారం

మధ్యాహ్నం —

ఇస్త్రీ చొక్కా. తలకు నూనె. మ్యాట్నీకి వెళ్ళే కుర్రాడు ఎలా ఉంటాడో అలా ఉన్నారు. ఈయన స్కూటర్ బయటికి తీశారు.

"నువ్వు రావేటి?"

"తలనొప్పి మావయ్యా. మీరు చూసి వచ్చి చెప్పండి."

జాబితా వేసినదాన్ని నేను. నా ఏడాదిలో జనం వస్తారనుకున్న మొదటి సినిమా. తలనొప్పి అంటే ఎవరు నమ్ముతారు? మావయ్య నన్ను ఒక్క క్షణం చూశారు. తలనొప్పి అబద్ధమని ఆయనకు తెలిసిపోయిందా — ఆ కరెంటు పోయిన మాట కూడా? ఏమో.

"అలగే. ఈపాలి ఆకరు దాకా సెప్తాను."

గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. "పాసింజరు బండి నేదు గదా ఈయేళ?" అని తనే నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు మలుపు తిరిగాక వంటింట్లోకి వచ్చి ఏడ్చాను కాసేపు. దుఃఖం కాదు.

సాయంత్రం —

పైడిరాజు ఫోటో పంపాడు. కుర్చీలు నిండి గోడ వారగా నిలబడ్డారు జనం. పట్నాయక్ గారు కింద కూర్చున్నారు! కింద!

ఇంకో మెసేజ్. "కూత కాడికొచ్చీసినాది మేడం. ఆపమంటారా?"

వద్దు అని పెట్టాను.

తర్వాత మెసేజ్ లేదు. ఎందుకు లేదు? చచ్చుసన్నాసి, ఒక్క ముక్క పెట్టొచ్చు కదా.

అన్నం వండాను. మెంతి పులుసు. ఆయనకు ఇష్టమని. సినిమా అయిపోయి ఉంటుంది ఈపాటికి. రావడం లేదు. హాలు నుంచి ఇల్లు ఎంత దూరం? గిన్నె మీద మూత తీసి చూశాను, మళ్ళీ పెట్టాను.

గేటు.

వచ్చారు. చెప్పులు విప్పుతున్నారు. నేను గుమ్మంలోకి పరిగెత్తి అడగాల్సింది ఒకటి, నోట్లోంచి వచ్చేసింది ఇంకొకటి.

"ఇంతసేపేటి మావయ్యా, కూడు సల్లారిపోనాది!"

ఈయన నా వంక గుడ్లు మిటకరించారు. మావయ్య ఒంటి కాలి మీద అలాగే ఆగిపోయారు, చేతిలో చెప్పు. అయ్యో అనుకున్నాను. అది ఆవిడ మాట, నేనెవరిని? అప్పుడు నవ్వారు. అత్తయ్య ఉన్నప్పుడు నవ్వేవారు చూడు, అలా, భుజాలు ఊగేలా.

"ఓడ కూత ఏసినాది. ఈపాలి నాను లేవనేదే అమ్మా," అన్నారు. "ఉండు, కూడెట్టు. సేతులు కడుక్కొచ్చి సెప్తాను."

పెరట్లో కుళాయి పారుతోంది. ఈ నాలుగు ముక్కలూ నిలబడే రాస్తున్నాను. సినిమాలోది చెబుతారా, అత్తయ్య కోసం కట్టినది చెబుతారా, కొత్తది ఏదైనా కట్టుకొచ్చారా, తెలియదు. ఏది చెప్పినా ఊఁ కొడతాను.

కుళాయి ఆగింది. కంచాలు పెట్టలేదు ఇంకా.