పెరట్లో జనరేటర్, కొత్త నూనె

ఆగస్టు 9
పొద్దున్నుంచి రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ మా ఆవిడ రవణమ్మ ఆక్సిజన్ మిషన్ ఆగింది. పెరట్లోకి పరిగెత్తి జనరేటర్ తిప్పాను. ముప్పై ఆరేళ్ళు వర్క్‌షాప్‌లో రైలింజన్లు విప్పి బిగించినవాణ్ణి... ఈ సూట్‌కేసంత పెట్రోల్ జనరేటర్‌కి బంట్రోతునయ్యాను. గంట నడిస్తే చాలు, మాడు వాసన. నూనె పోసి నెల తిరగలేదు, పస పోయింది.

ఆగస్టు 11
గోల్‌బజార్. స్పేర్‌పార్టుల కొట్టు బెంగాలీ దాదా సింథటిక్ ఆయిల్ డబ్బా చేతిలో పెట్టాడు. వేడికి తట్టుకుంటుందట, ఎక్కువ గంటలు నిలుస్తుందట. ఇంజను నూనె గురించి నాకు పాఠం! మామూలు డబ్బాయే తెచ్చేవాణ్ణి. కానీ రవణమ్మ ముందే చెప్పి పంపింది, దాదా ఏది మంచిదంటే అది తెమ్మని, నా పెద్దరికం అక్కడ చూపించొద్దని. తెచ్చాను.

ఆగస్టు 12
పోశాను. చప్పుడు మెత్తబడింది. ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు.

ఆగస్టు 20
నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె నల్లగా, తారులా. ఎనిమిది రోజులకే. దాదా మోసం చేశాడు. డబ్బా పట్టుకుని బయల్దేరాను. చెప్పులు వేసుకుంటుంటే రవణమ్మ మంచం మీంచి అడిగింది, ఏమైందని. చెప్పాను. ముక్కుకి గొట్టంతోనే నవ్వింది.
‘మురికిబట్ట నానబెడితే నీల్లు నల్లబడవా? సబ్బు మంచిది కాదని కొట్టోడి మీదకి ఎల్తామేటి?’
చెప్పులు విప్పేశాను. ఇన్నాళ్ళూ నా నూనె లోపల పేర్చిన మురికిని కొత్త నూనె కడుగుతోంది, అంతే. నాకు తట్టలేదు. ఇంజను మూత కూడా ఏనాడూ విప్పని మనిషికి తట్టింది! నల్లనూనె దించి, అదే నూనె ఇంకో డబ్బా తెచ్చి పోశాను.

ఆగస్టు 31
ఈసారి తేనెరంగు. ఇన్ని గంటలు నడిచినా తేనెరంగే. మాడు వాసన లేదు. శభాష్ అన్నాను — డబ్బాతో. ఆవిడతో అనలేదు.

సెప్టెంబర్ 16
జనరేటర్ కింద నూనె చుక్కలు. గట్టిపడ్డ మురికే ఇన్నాళ్ళూ పాత సీలు పగుళ్ళని పూడ్చి ఉంచింది. అది కడుక్కుపోయేసరికి కారుతోంది. రేపు విశ్వకర్మ పూజ. కారే మిషన్ని దేవుడి ముందు పెట్టడమా? నూనె దించి, విప్పేశాను. కొత్త సీలు తెచ్చి ఉంచాను, ఎల్లుండి బిగిస్తాను. పానాలన్నీ కడిగి పీట మీద పేర్చి బొట్లు పెట్టాను.

సెప్టెంబర్ 17
పూజ అయింది. పొద్దున్న పది గంటలకి గాలీవానా... కరెంటు పోయింది. ఎక్కడో స్తంభం మీద చెట్టు పడిందట, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. అవసరానికని ఉంచిన చిన్న ఆక్సిజన్ సిలిండర్ తగిలించాను. మూడు గంటలొస్తుంది. జనరేటర్ ముక్కలుగా పడుంది. ఎంత బుద్ధితక్కువ పని చేశాను!
ఇవాళ పనిముట్టు ముట్టకూడదు. మా నాన్న ముట్టలేదు. అప్రెంటిస్‌గా చేరిన నాటి నుంచి నేనూ ముట్టలేదు. పీట ముందు నిలబడిపోయాను.
‘ఏటి ఆలోసిస్తన్నావు?’ అంది రవణమ్మ. ‘ఆ దేముడూ ఫిట్టరే గదా. ఆడి పెల్లానికి ఊపిరాడకపోతే పానా ముట్టకుండా కూసుంటాడేటి?’
తీశాను. కుంకుమ వేళ్ళకంటింది. సీలు, బోల్టులు, నూనె. రెండు గంటల ఇరవై నిమిషాలు. స్టార్టయింది. సిలిండర్‌లో ఇంకా కాస్త మిగిలే ఉంది.

సెప్టెంబర్ 18
పొద్దున్న ఎనిమిదికి కరెంటు వచ్చింది. పందొమ్మిదిన్నర గంటలు నడిచింది, పెట్రోల్ పోయడానికి ఆపడమే తప్ప. ఒక్క చుక్క కారలేదు. డిప్‌స్టిక్ మీద నూనె గీతకి వెంట్రుకవాసి కిందకి దిగింది, అంతే. ఏం నూనె! దండం పెట్టాను. రవణమ్మకీ పెట్టాలనిపించింది. నవ్వుతుందని ఊరుకున్నాను.

నవంబర్ 3
డాక్టర్ గంటలు పెంచాడు. ఇకనుంచి రోజుకి పదహారు గంటలు ఆక్సిజన్. ఆవిడ తిరిగొస్తూ రిక్షాలో... రెండు షిఫ్టుల డ్యూటీ పడిందిరా దేవుడా, ఓవర్‌టైం ఇస్తారా అని.

డిసెంబర్ 13
జనరేటర్ దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాను. బీపీ అట. ఆవిడకి చెప్పొద్దనుకున్నాను. కిటికీలోంచి చూసేసింది.

డిసెంబర్ 14
‘అది తిప్పడం నాకు నేర్పు.’
వద్దన్నాను.
‘నువ్వు లేనప్పుడు కరెంటు పోతే నన్నెవులు సూస్తారు?’
నేనెక్కడికి వెళ్తాను, వెళ్తే బజారుకేగా అన్నాను.
‘బజారుకే అనుకో’ అంది.
రోజంతా నా చెవుల్లో ఆ మాటే.

డిసెంబర్ 15
ఉదయం. మంచు. గొట్టం తీయించి లోపలే పెట్టించాను, పెట్రోల్ దగ్గర ఆక్సిజన్ ఉంటే నిప్పు ప్రమాదం. అంటే ఆవిడ సొంత ఊపిరితో... ఒళ్ళు కష్టపెట్టే పనికి అది అయిదు నిమిషాలే. డిప్‌స్టిక్ తీసింది, పాత గుడ్డతో తుడిచింది, ముంచింది, గీత చూసింది. నేను చెప్పకుండానే అన్నీ వరసగా. ఎన్నాళ్ళనుంచి కిటికీలోంచి చూస్తోందో.
ఇక స్టార్ట్ చేసే తాడు. ఈ చలికి పాత నూనె అయితే పేరిన నెయ్యిలా పట్టేసేది, నాకే నాలుగు గుంజులు పట్టేది. ఆవిడకి ఎక్కడ... మొదటిది సగంలో ఆగింది. రెండోది పూర్తిగా వచ్చింది! ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. ఆవిడ పెదవులు నల్లబడ్డాయి. తాడు నేను అందుకోబోతే చేతిమీద ఒక్కటి వేసింది. మూడోది లాగలేక గట్టుమీద కూర్చుండిపోయింది.
లోపలికి తీసుకొచ్చి గొట్టం పెట్టాను. మాట రావడానికి పావుగంట.
‘కదిలింది గదా’ అంది. ‘రేపు మల్లీ.’
వద్దని చెప్పాలి. ఇంత గుండె ఉన్న మనిషిని వర్క్‌షాప్ మొత్తం మీద చూడలేదు నేను.
తాడుకున్న పిడి ఆవిడ చేతికి లావు. మధ్యాహ్నం చెక్కి సన్నగా చేస్తాను.