రెండో గ్లాసు టీ

వీధిలో అందరూ బైండింగు తాతయ్య అని పిలిచే నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా బుర్ర మాత్రం సవ్యంగా పనిచేస్తున్న స్థితిలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని అమలుపరిచే బాధ్యత నా కొడుకుదీ, కోడలిదీ.

1. పుస్తకాలు కుట్టే నా కొట్టు, అందులో కుట్టిన పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, దబ్బనాలు, అట్టలు కోసే కత్తి సర్వహక్కులతో నా కొడుక్కి చెందాలి. వాడికి ఈ పని రాదు. ఆ సంగతి నాకూ తెలుసు, జిగురు డబ్బాకూ తెలుసు. కొట్టు అద్దెకిచ్చుకోవచ్చు. వెనక గదుల్లో మాత్రం మా అక్కయ్యకు జీవితాంతం నివసించే హక్కు ఉంటుంది. ఆవిడను ఖాళీ చేయమనే అధికారం ఎవరికీ లేదు.

2. మా ఆవిడ ఉన్ని శాలువా కోడలికి. మా ఆవిడ మంచాన ఉన్న రోజుల్లో ఆ శాలువా కప్పి, కాళ్ళు పట్టింది ఈ పిల్లే. కన్నకూతురు ఉన్నా అంతకంటే చేసేది కాదు.

3. మా తమ్ముడికి నా నల్ల గొడుగు. మా ఆవిడను సాగనంపిన రోజు వానలో నన్ను నిలబెట్టి, దేవుడు ఏం చేసినా మన మంచికేనని వాడు ఉపన్యాసం దంచాడు. ఇకమీదట ఎవరింట్లో చావు జరిగినా ఈ గొడుగు పట్టుకెళ్ళి, తడిసేవాళ్ళకు పట్టి, నోరు మూసుకుని నిలబడాలని షరతు. వాడంటే నాకు ప్రాణం. అయినా షరతు షరతే.

4. మా అక్కయ్యకు రెండు గాజు గ్లాసులు. కారణం రాయక తప్పదు.

మా ఆవిడ పోయాక నేను కొట్టులో కూర్చుని పుస్తకాలు కుడుతూ దేవుణ్ణి పైకే తిట్టేవాణ్ణి. ఎక్కడ చచ్చావయ్యా, నీకు కళ్ళున్నాయా అని గట్టిగానే అడిగేవాణ్ణి. వంటింట్లో ఉన్న అక్కయ్య, ఎవరో బేరానికి వచ్చారనుకుని రెండు గ్లాసుల టీ తెచ్చింది. చూస్తే నేనొక్కణ్ణే. దేవుడితో మాట్లాడుతున్నానని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ రెండో గ్లాసు ప్రెస్సు పక్కన పెట్టి, "అయితే చల్లారకముందే తాగమనరా. ఆయనకు చక్కెర ఎంతో తెలీక నీకు వేసినంతే వేశాను" అంది.

అప్పటి నుంచి రోజూ రెండు గ్లాసులే. ఆ రెండోది ఎదురుగా ఉంటే తిట్లు తగ్గి, ఏడుపు వచ్చేది. ఏడుస్తుంటే కొట్టులో నేనొక్కణ్ణే లేనని తెలిసేది. ఆయన నా ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబివ్వలేదు. అలాగని లేచి వెళ్ళనూ లేదు. నాకది చాలింది. చల్లారిన ఆ టీ చివరికి నేనే తాగేవాణ్ణి. అక్కయ్యకు తెలుసు, ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

5. ఇక అసలు పని. అక్కయ్య ఎవరి ముందూ ఏడవదు. నేను పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతుంది. అందరూ వెళ్ళిపోయాక ఒంటరిదైపోతుంది. నా బెంగల్లా అదే. అందుచేత రోజూ సాయంత్రం కొడుకో కోడలో వెళ్ళి టీ పెట్టి, ఒక గ్లాసు ఆవిడ చేతికిచ్చి, రెండోది ఎదురుగా ఉంచాలి. కోడలి టీ నీళ్ళలా ఉంటుంది, కాస్త పాలు పోయాలి. ఆవిడ ఏడిస్తే ఊరుకోమనొద్దు. జిగురు ఆరకముందే ప్రెస్సు విప్పితే అట్ట వంకరపోతుంది. పక్కన కూర్చోండి, చాలు.

మొదట్లో కసురుకుంటుంది. "వాడే పోయాక ఈ రెండోది ఎవరికిరా?" అంటుంది. పోయింది నీ తమ్ముడే అత్తయ్యా, ఆయన ఇక్కడే ఉన్నాడు అని చెప్పండి.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది. సాక్షులిద్దరూ నా పక్కన సంతకాలకు కూర్చోగానే, ఇదంతా తెలియని అక్కయ్య టీ తెచ్చింది. తాగే మనుషులం ముగ్గురం. పళ్ళెంలో గ్లాసులు నాలుగు.

తేదీ: ఆగస్టు పద్నాలుగు, ఆదివారం సాయంత్రం

(సంతకం) బైండింగు తాతయ్య

సాక్షులు:
పక్క కొట్టు గడియారాల మేస్త్రీ
మేడ మీద అద్దెకుండే నర్సమ్మ